కొక్కేనికి బిళ్ళ మిగలనివ్వని మనిషి

సామ్యేలు మామ కన్నుమూశాడన్న వార్త మొన్న మంగళవారం పొద్దున పదకొండు గంటలకు నా చెవిన పడింది. ఆ గడియలో నేను ఆయనతోనే కొట్లాడుతున్నాను.

ఇది అలంకారం కోసం రాస్తున్న మాట కాదు. తొమ్మిదింటికి ఆయన దగ్గర నుంచి ఒక వాయిస్ మెసేజ్ వచ్చింది. "పిల్లా, రెండో లెవెల్ కాడి తలుపు మూసినంక సుత గాలి చప్పుడు వస్తున్నది. తప్పు. తలుపు మూస్తే గాలి ఆగాలె. లేకుంటె తలుపెందుకు?" అని. రెండేళ్ళకు పైగా మేము తయారు చేస్తున్న కంప్యూటర్ ఆట ఆ శుక్రవారమే విడుదల కావలసి ఉంది. నాకు ఒళ్ళు మండింది. కరీంనగర్‌లో మేము పనిచేసుకునే అద్దె గదిలో అటూ ఇటూ తిరుగుతూ, "ఇగ సాలు మామా! ఒక్క తలుపు సుత ముట్ట, ఒక్క చప్పుడు సుత మార్చ" అని జవాబు రికార్డు చేస్తుండగా మధ్యలో కరుణత్త ఫోను వచ్చింది. ఆమె మామ భార్య. ఆమె నోరు విప్పక మునుపే, "అత్తా, ఫోను మామకియ్యి, గా తలుపు సంగతి తేల్చుకుంట" అన్నాను.

"మామ లేడు బిడ్డా" అన్నది అత్త. "చాయ తాగిండు, కుర్సీల కూసున్నడు. కునుకు తీస్తుండనుకున్న. కూసున్నోడు కూసున్నట్టే పోయిండు."

నిర్ఘాంతపోయాను. అత్తే మళ్ళీ మాట్లాడింది. "ఇంకో మాట బిడ్డా. మిషిన్ ఎవ్వల్ని బంద్ జెయ్యనియ్యలే. మామ ఇంకా బాయిల్నే ఉన్నడు. నువ్వు జల్ది రా."

ఆ చివరి మాట అర్థం కావాలంటే ముందు మామ అర్థం కావాలి. మా ఆటను రేపు ఆడబోయే వాళ్ళకైనా ఆయన ఎవరో తెలియాలి. ఎందుకంటే అందులోని బలాలలో సగానికి పైగా ఆయనవి. బలహీనతలు చాలామటుకు మావి. ఒకటి రెండు మాత్రం ఆయనవి కూడా ఉన్నాయి, వాటిని కూడా దాచను. దాస్తే ఆయనకే కోపం వస్తుంది.

మామ మా అవ్వకు, అంటే మా అమ్మకు, స్వయానా తమ్ముడు. బెల్లంపల్లి బొగ్గుబాయిలో మైనింగ్ సర్దార్‌గా పనిచేశాడు. కార్మికులందరికన్నా ముందు లోపలికి వెళ్ళి, చేతికర్రతో పైకప్పు తట్టి చూసి, గాలి పరీక్షించి, ఇక్కడ పని చేయవచ్చు, ఇక్కడ కూడదు అని నిర్ణయించే వాడే సర్దార్. తట్టినప్పుడు ఠంగుమంటే కప్పు గట్టిది, డొల్ల చప్పుడైతే ప్రాణం మీదికి వచ్చినట్టే. పేలుళ్ళ మోతకు ఎడమ చెవి పూర్తిగా పోయాక, ఉద్యోగం చివరి ఏళ్ళలో ఆయనను దీపాల గదిలో కూర్చోబెట్టారు. చదివింది ఏడో తరగతి. ఆదివారం చర్చిలో వాక్యం చదివితే ఉచ్చారణలో ఒక్క దోషం దొర్లేది కాదు. ఇంటికొచ్చి మాట్లాడితే మటుకు కరకు, నిష్కర్ష, నిర్మొహమాటం.

దీపాల గదిలో ఒక పద్ధతి ఉంటుంది. బాయి దిగే ప్రతి మనిషికీ నంబరు చెక్కిన ఇత్తడి బిళ్ళ ఒకటి ఉంటుంది. టోపీ దీపం తీసుకునేటప్పుడు ఆ బిళ్ళను బోర్డు మీద తన కొక్కేనికి తగిలించి దిగుతాడు. పైకి వచ్చాక దీపం అప్పగించి బిళ్ళ తీసుకుని ఇంటికి పోతాడు. షిఫ్టు ముగిశాక కొక్కేనికి బిళ్ళ మిగిలిందంటే లోపల మనిషి మిగిలాడన్నమాట. మామ జీవితమంతా ఈ ఒక్క సూత్రం మీద నడిచిందంటే అతిశయోక్తి కాదు. ఉద్యోగ విరమణ తరువాత కూడా ఆ బోర్డు ఆయన తలలోంచి దిగలేదు.

మా చర్చి వాళ్ళం ఒకసారి గోదావరి ఒడ్డుకు బస్సులో వనభోజనానికి వెళ్ళాం. బయలుదేరే ముందే మామ అట్టముక్కలు కత్తిరించి అందరికీ నంబర్లు రాశాడు. బస్సు దిగేటప్పుడు మేకుల పలకకు తగిలించాలి, ఎక్కేటప్పుడు తీసుకోవాలి. సాయంత్రం అందరూ ఎక్కారు, డ్రైవరు బండి తీయబోయాడు. మామ మెట్టు మీద అడ్డంగా నిలబడ్డాడు. పలక మీద ఒక అట్టముక్క మిగిలి ఉంది. అది పాస్టరయ్యది. పాస్టరయ్య ముందు సీట్లో దర్జాగా కూర్చుని, "సామ్యేలు, నేనిక్కడ్నే ఉన్న గదయ్యా, కనవడ్తలేనా?" అన్నాడు. "కనవడ్తున్నరు అయ్యగారూ. గని బిళ్ళ కొక్కేనికే ఉన్నది" అన్నాడు మామ. పాస్టరయ్య దిగి, అట్టముక్క తీసుకుని, మళ్ళీ ఎక్కాకే బస్సు కదిలింది. ఆ తరువాతి వారం ప్రసంగంలో తప్పిపోయిన గొర్రె మాట వచ్చినప్పుడు పాస్టరయ్య మామ దిక్కు చూస్తే, చర్చి చర్చంతా నవ్వింది.

ఇక మా ఆట సంగతి. దాని పేరు 'దిగుడు'. వెనక పెద్ద కంపెనీ లేదు, పెట్టుబడి లేదు. నేనూ, ఇచ్చోడ నుంచి వచ్చిన నా మిత్రుడు ఫిరోజూ, ఇద్దరమే. బొమ్మలు, కథ నావి. చప్పుళ్ళన్నీ ఫిరోజ్‌వి. మూతపడిన బాయిలో తప్పిపోయిన తండ్రిని వెతుక్కుంటూ ఒక అమ్మాయి ఒంటరిగా దిగుతుంది. దీపం సన్నగిల్లేకొద్దీ ఆమెకు గొంతులు వినిపిస్తుంటాయి. వాటిలో ఏది నిజమో, ఏది తన మనసు పుట్టించిందో ఆమెకు తెలియదు, ఆడేవాళ్ళకూ తెలియదు. దయ్యాల భయం కాదు, మనసు తనను తానే నమ్మలేకపోయే భయం మాకు కావలసింది. బాయి ఎలా ఉంటుందో అడగడానికి రెండేళ్ళ కింద ఫిరోజ్‌తో కలిసి బెల్లంపల్లి వెళ్ళి, అప్పటికి సిద్ధమైన కాస్త భాగాన్ని మామకు చూపించాను. పొగుడుతాడని ఆశ. నా పిచ్చి గాని!

అప్పట్లో మేము అందులో తెల్లచీర కట్టుకుని, జుట్టు విరబోసుకుని, ఉన్నట్టుండి కీచుమని అరిచే ఒక ఆడదయ్యాన్ని పెట్టాం. మామ ఉలిక్కిపడలేదు. కళ్ళద్దాలు తుడుచుకుని దాన్ని తేరిపార చూశాడు. "ఎవలే ఈమె? గీ చీరతోని గంత వాలు తొవ్వ, డిప్పు దిగితే రెండడుగులకే తట్టుకొని పడ్తది. భయపెట్టుడు తర్వాత, ముందు ఆమెకు బూట్లన్న ఇయ్యుండ్రి." ఫిరోజ్ పడీపడీ నవ్వాడు. నాకు చిన్నతనమైంది. తరువాత చీకటి వంతు వచ్చింది. "గీ నీలిరంగేంది? సీకటి నీలంగుంటదా? బాయిల దీపం ఆరితే కండ్లు తెర్సినా ఒక్కటే, మూసినా ఒక్కటే. నువ్వు జూపెట్టేది సీకటి గాదు, పెండ్లి పందిరి." దయ్యాన్ని తీసేశాం. నీలం తీసేశాం. ఇవాళ ఆటను ముందుగా చూసినవాళ్ళు "ఆ చీకటే దీనికి ప్రాణం" అంటున్నారు. ఆ ప్రాణం ఎవరు పోశారో ఇప్పుడు చెబుతున్నాను.

నా పాత ల్యాప్‌టాప్ ఒకటి ఆయనకిచ్చి వచ్చాను. నాలుగు మీటల మీద స్కెచ్ పెన్నుతో గుర్తులు పెట్టుకుని, రోజూ పొద్దున చాయ తాగాక ఆడడం మొదలుపెట్టాడు. నెల గడిచింది, రెండు నెలలు గడిచాయి, ఆయన రెండో లెవెల్ దాటడు. అందరూ వారంలో ముగించే ఆట. ముసలాయన కదా, చేతకావడం లేదేమో అనుకుని జాలిపడి ఒక ఆదివారం పక్కన కూర్చుని చూశాను. చేతకాకపోవడమా! నాకన్నా నిబ్బరంగా నడుస్తున్నాడు. అరగంట లోపలికి పోయాడు. గోడ గడియారం చూశాడు. అమ్మాయిని వెనక్కి తిప్పాడు. వచ్చిన తోవనే అరగంట నడిపించి, దీపాల గదిదాకా తెచ్చి, బోర్డు ముందు నిలబెట్టి, అప్పుడు మిషిన్ ఆపాడు. మరునాడు మళ్ళీ మొదటి నుంచీ.

"మామా, ఎక్కడంటె అక్కడ్నే ఆపొచ్చు. గింత తిప్పల పడి ఎనుకకు వచ్చుడెందుకు?" అన్నాను.

"మనిషిని లోపల ఇడిసిపెట్టి మిషిన్ బంద్ జేస్తరా?" అన్నాడు మామ. నేను పరాచికమాడుతున్నానేమోనని నా మొహంలోకి చూశాడు. ఆయన మాటలో మటుకు పరాచికం లేదు.

ఈ పొరపాటు ప్రపంచంలో మరొకరు చేయరు. కానీ దాని వల్లనే మా ఆటలో అతి పెద్ద లోపం బయటపడింది. తిరిగి వచ్చే తోవ అనేది మేము తయారే చేయలేదు. ఎవరూ వెనక్కి రారు కదా అని ఆ దారంతా శూన్యంగా వదిలేశాం. చప్పుడు లేదు, గాలి లేదు, మనిషి నీడ కూడా పడదు. మామ దాన్ని రోజూ నడిచాడు, రోజూ తిట్టాడు. "పోయేటప్పుడు బాయి, వచ్చేటప్పుడు గోదాము. భయపెట్టుడు అల్కగనే అయితది పిల్లా. ఇంటికి తోలుడే కష్టం." ఆ మాట కాగితం మీద రాసి మా గది గోడకు అతికించాడు ఫిరోజ్. తరువాత ఎనిమిది నెలలు తిరుగు తోవ మీదనే పనిచేశాం. దిగేటప్పుడు విన్న గొంతులన్నీ వచ్చేటప్పుడు వెనక నుంచి వినిపిస్తాయి. తిరిగి చూడాలని ఆడేవాళ్ళ ప్రాణం కొట్టుకుంటుంది. అలాంటి అనుభవం తాము ఏ ఆటలోనూ ఎరగమని పరీక్షకు ఆడిన వాళ్ళు అన్నారు. నేను గొప్ప కోసం చెప్పడం లేదు, వాళ్ళే అన్నారు.

ఆయన మెచ్చుకున్నది రెండేళ్ళలో ఒక్కటంటే ఒక్కటి. మూడో లెవెల్‌లో దీపం పూర్తిగా ఆరిపోతుంది. నిమిషం సేపు ఏమీ జరగదు. అమ్మాయి ఊపిరి తప్ప మరేమీ వినపడదు. తరువాత దీపం మళ్ళీ వెలుగుతుంది, అంతే. ఇది చప్పగా ఉందని, ఆయనకు నేనే ఆడి చూపించి, తీసేద్దామనుకున్నాను. మామ చెయ్యి పట్టుకుని ఆపాడు. "ఉండనియ్యి. ఏం గాలే. ఏం గాకపోవుడే భయం." ఆనాడు ఇంటికి వస్తూ బస్సులో నాలో నేనే నవ్వుకున్నాను. పరీక్షలో ఫస్టు వచ్చినప్పుడు కూడా అంత సంబరపడలేదు.

అలాగని ఆయన చెప్పిందల్లా వేదవాక్యమని నమ్మకండి. ఫిరోజ్ నాలుగు నెలలు చెమటోడ్చి ఒక గుసగుస తయారు చేశాడు. అది ఎడమ చెవిలో మాత్రమే, మెడ మీద ఎవరో ఊపిరి విడిచినట్టు వినిపిస్తుంది. విన్నవాళ్ళు అదిరిపడి కుర్చీలోంచి లేచారు. మామ మటుకు "ఆడ ఏం లేదు, ఉత్త తొవ్వ" అనేవాడు. ఎంత చెప్పినా వినడు. చివరికి తెలిసిందేమిటంటే, ఫిరోజ్ కొనిచ్చిన రెండు స్పీకర్లలో ఎడమది తీసి అత్త వంటింట్లో రేడియోకు తగిలించాడు. "పనిజెయ్యని చెవికి స్పీకరెందుకు? కరెంటు దండుగ" అన్నాడు. ఆ గుసగుసను ఆయన జన్మలో వినలేదు, అది ఉందని ఒప్పుకోనూ లేదు. ఫిరోజ్ మాత్రం "సర్దార్ సాబ్ సర్టిఫికెట్ ఇయ్యలే" అని ఇప్పటికీ మనసు కష్టపెట్టుకుంటాడు.

ఇంకొకటి, నీళ్ళ పంపు. వరుస తప్పకుండా తొమ్మిది మరలు తిప్పి పంపు నడిపించే ఘట్టమొకటి ఆటలో ఉంది. ఆడినవాళ్ళంతా అది విసుగని ముక్తకంఠంతో చెప్పారు. తీసేస్తామంటే మామ అలిగి రెండు రోజులు మాట్లాడలేదు. "పంపు లేకుంటె బాయి మునుగుతది. మునుగనిస్తరా?" అని పట్టుబట్టాడు. ఆ మరలు తిప్పేటప్పుడు ఆయన మొహంలో ఒక తృప్తి కనిపించేది. పోనీలే అని ఉంచాం. అది బలహీనతేనని నాకు తెలుసు. అయినా తీయను.

ఆట ముగింపు దగ్గర మాత్రం మా ఇద్దరికీ నిజంగానే చెడింది. నేను మొదట రాసుకున్న ముగింపు ఇది. అమ్మాయి అడుగు లెవెల్ చేరుతుంది, తండ్రి దీపం దొరుకుతుంది, తండ్రి దొరకడు. తానూ ఎన్నడో చనిపోయిందని, ఇదంతా ఆమె భ్రాంతి అని అప్పుడు తేలుతుంది. తెర చీకటవుతుంది. ఇలాంటి ఆటల్లో ఇలాంటి ముగింపునే గొప్పదంటారు. మామ రోజూ సగంలోనే వెనక్కి వచ్చేవాడు గనక ఆయనకది తెలియదు. పోయిన చలికాలం ఆయన వాకిట్లో అనపకాయలు ఒలుస్తుంటే నేనే నోటితో చెప్పాను. విన్నాడు. చేట పక్కన పెట్టి లోపలికి పోయాడు. తొమ్మిది రోజులు ఫోను ఎత్తలేదు. పదో రోజు పొద్దున తానే బస్సెక్కి కరీంనగర్ వచ్చి, మా గదిలో కూర్చుని, మంచినీళ్ళు అడిగి తాగి, నా ఎరుకలో ఎవరూ చెప్పని ఒక సంగతి చెప్పాడు.

"నేను సర్దార్ అయి ఆరు నెలలు గాలే. పగటి షిఫ్టోళ్ళు మీదికెక్కినంక బోర్డు మీద ఒక బిళ్ళ మిగిలింది. మూడు వందల పన్నెండు. అందరన్నరు, మరిచిపోయి ఇంటికి పోయి ఉంటడని. నా పానం ఒప్పలే. మల్ల దిగిన. పాత గ్యాలరీల, పని బందైన సొరంగంల, ఒకడు కూసుండి ఉన్నడు. కాలు మడతపడ్డది, దీపం ఆరిపోయింది. 'ఎవలు?' అన్నడు. 'సామ్యేలును' అన్న. 'అబద్ధం. నువ్వు నా మనసుల మాటవు' అన్నడు."

మామ నెమ్మదిగా చెప్పుకుపోయాడు.

"మూడు గంటల సంది ఆయనకు గొంతులు వినవడ్తున్నయట. పెండ్లాం పిలిచినట్టు, పిల్ల ఏడ్చినట్టు. నన్ను సుత గట్లనే అనుకున్నడు. నా దీపం వెలుగు సుత నమ్మలే. చెయ్యి పట్టుకుంటె గుంజుకున్నడు. ఏం జెయ్యాలె? కర్ర తీసి పైకప్పు తట్టిన. ఠంగుమన్నది. గప్పుడు ఏడ్చిండు. మనసు ఎన్ని గొంతులన్న చేస్తది గని, గా చప్పుడు చెయ్యలేదట. భుజం మీద ఏసుకొని మీదికి తెచ్చిన. దీపం అప్పజెప్పినం, బిళ్ళ తీసుకున్నం, ఇంటికి పోయినం."

"ఎవరు మామా ఆయన?" అన్నాను. అడిగే లోపలే నాకు తెలిసిపోయింది.

"మీ బాపు" అన్నాడు మామ. "ఆ ఏడ్చిన పిల్లవు నువ్వే. నేను మీ బాపును తెచ్చిన. నువ్వు కథల ఇడిసిపెడ్తవా?"

మా బాపు పోయి పదేళ్ళయింది. ముసలితనంతో, మంచం మీద, మా అందరి మధ్యనే పోయాడు. చీకట్లో కూర్చున్న ఆ మూడు గంటల గురించి ఇంట్లో ఎన్నడూ నోరు విప్పలేదు. నేనేమో ఏమీ తెలియకుండానే, బాయిలో తప్పిపోయిన తండ్రి కథ ఎక్కడి నుంచో నాకు తోచిందనుకుని రాసుకున్నాను. ఆనాడు మామ ముందు వెక్కివెక్కి ఏడ్చాను. ఆయన నా తల నిమరలేదు. "నీళ్ళు తాగు" అని గ్లాసు ముందుకు నెట్టాడు. ముగింపు మార్చాం. ఇప్పుడు అడుగు లెవెల్‌లో తండ్రి ఉంటాడు. కూతురు వచ్చిందంటే నమ్మడు. ఆమె కర్రతో పైకప్పు తడుతుంది. అక్కడి నుంచి ఇద్దరూ పైకి నడవాలి. ఈ ఆటలో అన్నిటికన్నా గొప్ప బలం ఏదని ఎవరైనా అడిగితే ఆ ఒక్క చప్పుడేనంటాను. నాది కాదు గనక సిగ్గుపడకుండా అంటాను.

ఆ దినమే ఆటలోని దీపాల గది మనిషి గొంతును మామ చేతనే రికార్డు చేయించాం. ఫిరోజ్ కాగితం మీద రాసిచ్చిన మాటలను పక్కన పెట్టి, తన ఇష్టం వచ్చినట్టు నాలుగు ముక్కలు చెప్పాడు. బిళ్ళ నంబరు ఏం పెడదామంటే "మూడు వందల పన్నెండే" అన్నాడు.

మంగళవారం మధ్యాహ్నానికి నేనూ ఫిరోజూ బెల్లంపల్లి చేరాం. మరునాడు సమాధి కార్యక్రమం జరిగింది. ఆయనతో బాయి దిగిన ముసలివాళ్ళు చాలామంది వచ్చారు. పాస్టరయ్య ప్రార్థనలో బస్సు సంగతి తలుచుకున్నాడు. ఏడుస్తూనే నవ్వాం. ఇంటికి వచ్చి, కాళ్ళు కడుక్కుని, అన్నాలయ్యాక అత్త నన్ను గదిలోకి పిలిచింది. బల్ల మీద ల్యాప్‌టాప్ తెరిచే ఉంది. దుమ్ము పడకుండా దాని మీద తెల్లటి ఉతికిన తువాలు కప్పింది. చార్జరు తీగ దగ్గర ఎవరూ తట్టుకోకుండా స్టూలు అడ్డం పెట్టింది. చుట్టాల్లో ఎవరో మూత వేయబోతే చెయ్యి మీద కొట్టిందట.

తువాలు తీశాను. అమ్మాయి రెండో లెవెల్‌లో, మూసిన తలుపు ముందు నిలబడి ఉంది. మొహం పైకి పోయే తోవ దిక్కుకే ఉంది. మామ తిరుగు ప్రయాణంలోనే ఉన్నాడు.

ఆయనకిచ్చిన పరీక్షల ప్రతిలో నడక దాచుకునే వీలు లేదు. ఆపితే పోతుంది. నేను కుర్చీలో కూర్చున్నాను. సిగ్గుచేటు, ఆ తోవ గీసిన నాకే మలుపులు గుర్తు రాలేదు. ఒకటి తప్పు తిప్పాను.

"గట్ల గాదు" అన్నది అత్త. రెండేళ్ళలో ఆమె ఒక్కనాడూ ఆ తెర వంక చూసింది లేదు. "ముసలోని పోరగాండ్ల ఆట" అని నవ్వడమే. "ఈడికెల్లి నాకెరుక లేదు. ఉండు" అని వంటింటి గుమ్మంలోకి పోయి, మాకు వీపు పెట్టి, పొయ్యి దిక్కు తిరిగి నిలబడింది. రోజూ పొద్దున ఆమె వంట చేస్తూ ఆ చప్పుళ్ళు విన్న చోటు అదే. "ముందు తట్టు. మామ తట్టకుంట అడుగు వెట్టడు." తట్టాను. ఠంగుమంది. "ఆఁ. ఇగ తలుపు తెరువు. దాటినంక మూసెయ్యి."

తలుపు దాటించి మూశాను. గాలి చప్పుడు ఆగలేదు. మూసిన తలుపు వెనక నుంచి అలాగే హోరుమంటోంది. ఒక్క చెవి మనిషి విన్నాడు, రెండు చెవులున్న మేమిద్దరం వినలేదు. ఫిరోజ్ నా వంక చూసి తల దించుకున్నాడు.

"పంపు చప్పుడు కుడిదిక్కుకు రానియ్యి. వచ్చిందా? గిప్పుడు ఎడమకు. తట్టు. మల్ల తట్టు. గీడ ఆయన జర సేపు ఆగుతడు, దమ్ము తీసుకుంటడు. ఆగినవా?" ఆగాను. ఆ అమ్మాయికి దమ్ము ఎక్కడిది? డెబ్బై ఏళ్ళ మామదే ఆ దమ్ము. ఇరవై నిమిషాలు ఆమె చెప్పింది, నేను నడిచాను. వెనక నుంచి గొంతులు పిలిచాయి. నేను పెట్టిన గొంతులే, అయినా నాకు తిరిగి చూడాలనిపించింది. మామ రెండేళ్ళు రోజూ ఈ తోవన తెచ్చింది ఎవరినో నాకు అప్పుడు తెలిసింది. మూడు వందల పన్నెండును తెచ్చాడు. రోజుకొకసారి మా బాపును పైకి తెచ్చి, బిళ్ళ ఇప్పించి, అప్పుడు అన్నానికి లేచాడు.

దీపాల గది వచ్చింది. బోర్డు మీద అన్ని కొక్కేలూ ఖాళీ, ఒక్క దానికి బిళ్ళ ఉంది. దీపం కిటికీ ముందు పెట్టాను. కుడి పక్కనున్న ఆ ఒక్క స్పీకర్లోంచి మామ మాట్లాడాడు.

"మూడు వందల పన్నెండా? వచ్చినవా బిడ్డా? దీపం ఆడ వెట్టు. బిళ్ళ తీసుకో. ఇగ ఏం ఫికర్ లేదు, ఇంటికి పో."

బిళ్ళ తీశాను. కొక్కెం ఖాళీ అయింది. వంటింటి గుమ్మంలో అత్త కొంగుతో కళ్ళు ఒత్తుకుని ఇటు తిరిగింది. ఆమె మొహం తేటగా ఉంది.

"ఇగ బంద్ జెయ్యి బిడ్డా" అన్నది.

పెద్దలు పోయినప్పుడు తీరని లోటు అని రాయడం ఆనవాయితీ. ఆ మాట వింటే మామ "ఎంత లోటు? ఏ కాడ?" అని అడుగుతాడు. కాబట్టి సరిగ్గా చెబుతాను. మా ఆటకు బలాలు చెప్పేవాళ్ళు ఇకముందు చాలామంది వస్తారు. తప్పు పట్టేవాళ్ళూ వస్తారు. తప్పు పట్టాక, అది దిద్దేదాకా రోజూ వచ్చి అదే తోవన నడిచేవాడు ఇక రాడు. ఆ చోటు ఖాళీ. దాన్ని నింపే మనిషిని నేను ఎరగను. అయినా ఇది రాస్తుంటే నా మనసు భారంగా లేదు. ఆయన లోపల వదిలేసి వచ్చిన మనిషి ఒక్కడూ లేడు. తానూ మిగల్లేదు. ఆ మహామనిషి పాదాలకు నమస్కరిస్తున్నాను.

ఆట శుక్రవారం విడుదల కాలేదు. రెండు వారాలు వాయిదా వేశాం. మంగళవారం సగంలో ఆగిన నా కొట్లాట మెసేజ్ చెరిపేసి, ఇవాళ దాని స్థానంలో వేరే జవాబు రికార్డు చేసి ఆయన ఫోనుకే పంపాను. మామా, తలుపు సరి చేసినం. మూస్తే గాలి ఆగుతున్నది.